మీ అవసరానికి తగిన జీపీఎస్ నావిగేషన్ పరికరం: తరచుగా అడిగే ప్రశ్నలు

దారి చూపే పరికరం కొనదలచినవారు మొదట అడిగే ప్రశ్న "వీటిలో ఏది మంచిది?" అన్నది. దానికి నేరుగా జవాబు చెప్పడం కష్టం. అడవిదారిలో రెండు రోజులు నడిచే వ్యక్తికి ప్రాణంతో సమానమైన పరికరం, రోజూ కారులో ఆఫీసుకు వెళ్లివచ్చే వ్యక్తికి ఉత్త బరువు. కాబట్టి అంతకు ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: మీకు ఏ పరిస్థితిలో దారి తెలియక ఇబ్బంది కలుగుతోంది? అక్కడ మొబైల్ నెట్‌వర్క్ ఉంటుందా, చేతులు ఖాళీగా ఉంటాయా, ఛార్జింగ్ దొరుకుతుందా? కింది జవాబులు చదివేటప్పుడు ఈ మూడింటినీ మనసులో ఉంచుకోవడం మంచిది.

జీపీఎస్ అన్నా నావిగేషన్ అన్నా ఒకటేనా?

కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే కొనుగోలులో సగం గందరగోళం తీరిపోతుంది. జీపీఎస్ అనేది అమెరికా ప్రభుత్వం నడిపే ఉపగ్రహ వ్యవస్థ. దాని మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. వ్యవస్థ పూర్తి స్థాయిలో పనిచేయడం మొదలైందని 1995లో ప్రకటించారు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున కనీసం 24 ఉపగ్రహాలు తిరుగుతూ, తామెక్కడ ఉన్నామో, ఆ క్షణానికి సమయం ఎంతో నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతాలను అందుకున్న రిసీవర్ తన అక్షాంశ రేఖాంశాలను లెక్క కడుతుంది. జీపీఎస్ పని అక్కడితో ముగుస్తుంది. మీరున్న రోడ్డు పేరు, మలుపు ఎంత దూరంలో ఉంది, ముందు వాహనాల రద్దీ ఉందా లేదా అన్నవేవీ దానికి తెలియవు.

అవన్నీ చెప్పేది పరికరంలోని మ్యాపు, దారిని లెక్కించే సాఫ్ట్‌వేర్. ఉపగ్రహ సంకేతానికి ఎవరూ ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదు. మీరు చెల్లించేదంతా మ్యాపుకు, స్క్రీనుకు, బ్యాటరీకి, వానకూ దెబ్బలకూ తట్టుకునే పైతొడుగుకు. పరికరాలను పోల్చేటప్పుడు వీటినే పోల్చండి.

పరికరం నా స్థానాన్ని ఎలా కనిపెడుతుంది? ఆ సంగతి కొనేవారికి అవసరమా?

కొంత అవసరమే. ఉపగ్రహం నుండి సంకేతం బయలుదేరిన సమయానికీ అది చేరిన సమయానికీ ఉన్న తేడాను బట్టి రిసీవర్ దూరాన్ని అంచనా వేస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే స్థానం తెలిసిపోవాలి. కానీ రిసీవర్‌లోని గడియారం ఉపగ్రహాలలోని పరమాణు గడియారాలంత నమ్మదగినది కాదు కనుక, ఆ తేడాను సరిచేసుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా దూరంలో సుమారు 300 మీటర్ల పొరపాటు జరుగుతుంది. అంత సున్నితమైన లెక్క ఇది.

పైగా అంత ఎత్తు నుండి దిగివచ్చే సంకేతం మనల్ని చేరేసరికి చాలా బలహీనపడి ఉంటుంది. కాంక్రీటు కప్పు దాన్ని ఆపేస్తుంది. ఎత్తైన భవనాల మధ్య అది గోడలకు తగిలి, చుట్టుదారిన రిసీవర్‌ను చేరుతుంది; చుట్టుదారి పొడవును రిసీవర్ అసలు దూరమని నమ్మడంతో, పక్క వీధిలో ఉన్నట్టు చూపిస్తుంది. కొన్ని కార్ల ముందు అద్దానికి వేడిని అడ్డుకునే లోహపు పూత ఉంటుంది. అదికూడా సంకేతాన్ని తగ్గిస్తుంది. పరికరం చెడిపోయిందని తిరిగి పంపేముందు, దాన్ని కాస్త ఆకాశం కనిపించే చోటికి జరిపి చూడండి.

ఎంత కచ్చితత్వాన్ని ఆశించవచ్చు?

ఆకాశం బాగా కనిపించే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో స్థానం చూపుతుంది. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే సంకేతంలో కావాలని పొరపాటు కలిపేది. అప్పట్లో తేడా 100 మీటర్ల దాకా ఉండేది. ఆ ఆంక్ష తొలగిన తరువాతే కార్ల నావిగేషన్ నిజంగా ఉపయోగపడే వస్తువైంది.

రెండు పౌనఃపున్యాలను, అంటే ఎల్1తో పాటు ఎల్5ను కూడా, అందుకునే రిసీవర్లు భవనాల మధ్య, చెట్ల కింద మెరుగ్గా పనిచేస్తాయి. ఇటువంటి చిప్‌తో మొదటి ఫోన్ 2018లో వచ్చింది. ఇప్పుడు ఫోన్లలో, వాచీలలో, చేతి పరికరాలలో ఈ సదుపాయం విరివిగా దొరుకుతోంది. కొత్తగా కొనేవారు దీన్ని అడిగి తీసుకోవడం న్యాయం.

అయితే వాహనం నడిపేవారు ఈ అంకెల కోసం మరీ ఆరాటపడనక్కరలేదు. వాహనం రోడ్డు మీదే ఉంటుందన్న ఊహతో సాఫ్ట్‌వేర్ మీ స్థానాన్ని దగ్గరలోని రోడ్డు గీత మీదికి లాగి చూపిస్తుంది. అందుకే అది ఎప్పుడూ సరిగ్గా రోడ్డు నడుమనే కనిపిస్తుంది. ఈ ఉపాయం బెడిసికొట్టేది రెండు రోడ్లు పక్కపక్కనే ఉన్నప్పుడు, లేదా ఒకదానిపై ఒకటి ఉన్నప్పుడు. మీరు ఫ్లైఓవర్ ఎక్కారో, దాని కింద సాగుతున్నారో తేల్చడంలో ఖరీదైన పరికరాలు కూడా తడబడతాయి. అటువంటి చోట మీ కళ్లనే నమ్మాలి.

పెట్టె మీద గ్లోనాస్, గెలీలియో, బైడూ, నావిక్ అని రాసి ఉంటుంది. ఇవన్నీ ఉండాలా?

ఇవి జీపీఎస్ వంటివే, వేరే దేశాల వ్యవస్థలు. గ్లోనాస్ రష్యాది, గెలీలియో యూరోపియన్ యూనియన్‌ది, 2020లో ప్రపంచ స్థాయికి విస్తరణ పూర్తయిన బైడూ చైనాది. నావిక్ భారతదేశం తన భూభాగానికీ చుట్టుపక్కల ప్రాంతానికీ ఏర్పాటు చేసుకున్న ప్రాంతీయ వ్యవస్థ. ఒకేసారి ఎన్ని ఎక్కువ ఉపగ్రహాలు కనిపిస్తే, లోయలలోనూ ఇరుకు వీధులలోనూ పనికివచ్చే నాలుగింటిని ఏరుకోవడం రిసీవర్‌కు అంత సులభం. జీపీఎస్‌తో పాటు మరొకటి రెండు ఉంటే చాలు. నాలుగూ ఉన్నాయన్న ఒక్క కారణంతో ఎక్కువ సొమ్ము పెట్టవద్దు. అన్నిటినీ ఒకేసారి వాడితే చిన్న పరికరాలలో బ్యాటరీ త్వరగా ఖర్చవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

చేతిలో ఫోన్ ఉండగా ప్రత్యేక పరికరం ఎందుకు?

ఎక్కువమందికి అవసరం లేదు. మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట ఇది. నగరంలోనూ, నెట్‌వర్క్ ఉన్న రహదారులలోనూ ప్రయాణించేవారికి ఫోన్‌లోని మ్యాప్ యాప్‌ను మించిన నావిగేషన్ లేదు. దాని మ్యాపు తాజాగా ఉంటుంది, రద్దీ సమాచారం అప్పటికప్పుడు అందుతుంది, దుకాణం పేరో ఆసుపత్రి పేరో నోటితో చెప్పినా వెతికిపెడుతుంది.

ఫోన్ చతికిలబడే సందర్భాలు వేరు. మొదటిది వేడి. అద్దం వెనుక, ఎండలో, స్క్రీన్ వెలుగుతూ, ఛార్జర్ తగిలించి ఉన్న ఫోన్‌కు నాలుగు వైపుల నుండీ వేడి తగులుతుంది. ఐఫోన్లను 0 నుండి 35 డిగ్రీల సెల్సియస్ పరిసర ఉష్ణోగ్రతలో వాడుకోవాలని వాటి తయారీదారు సూచన. మూసి ఉన్న కారు డ్యాష్‌బోర్డ్ మీద ఎండాకాలంలో ఆ హద్దు దాటడం పెద్ద పని కాదు. నా ఫోన్ ఒకసారి సరిగ్గా నాలుగు దారుల కూడలిలో మసకబారి, చల్లబడేదాకా పనిచేయనని హెచ్చరిక చూపి ఊరుకుంది. ఫోన్‌ను ఏసీ గాలి వచ్చే జాలీకి బిగించడం మొదలుపెట్టింది ఆ తరువాతే. రెండవది అంతరాయం. ఎవరో ఫోన్ చేస్తారు, స్క్రీన్ మీద ఆ పిలుపు వచ్చి నిలుస్తుంది, మలుపు దాటిపోతుంది. మూడవది, బ్యాటరీ అయిపోతే మ్యాపుతో పాటు సహాయం కోసం పిలిచే సాధనమూ పోతుంది. నాలుగవది వాన, దుమ్ము, చేతి తొడుగులు.

ఈ నాలుగింటిలో కనీసం రెండు మీ ప్రయాణాలలో తరచుగా ఎదురవుతుంటే ప్రత్యేక పరికరం గురించి ఆలోచించండి. ఒక్కటే అయితే ఫోన్‌ను బిగించే మంచి మౌంటు, పెద్ద పవర్ బ్యాంకు సరిపోతాయి.

నెట్‌వర్క్ లేని చోట ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. జీపీఎస్ సంకేతానికీ మొబైల్ టవర్‌కూ సంబంధం లేదు. విమానాలలో వాడే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా నేటి ఫోన్లు స్థానాన్ని చూపగలవు. పనిచేయనిది మ్యాపు, దాన్ని యాప్ ఇంటర్నెట్ నుండి తెచ్చుకుంటుంది కనుక, నెట్‌వర్క్ లేకపోతే బూడిదరంగు ఖాళీ మీద నీలి చుక్క ఒక్కటే మిగులుతుంది.

మరొక చిన్న సంగతి. ఉపగ్రహాలు తమ కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో ప్రసారం చేస్తాయి. ఒక ఉపగ్రహం వివరాలు అందడానికే దాదాపు అర నిమిషం, మొత్తం ఉపగ్రహాల స్థూల పట్టిక అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. నెట్‌వర్క్ ఉన్నప్పుడు ఫోన్ ఈ వివరాలను ఇంటర్నెట్ నుండే తెచ్చుకుంటుంది కాబట్టి క్షణాలలో స్థానం చూపుతుంది. నెట్‌వర్క్ లేని చోట మొదటిసారి నిమిషమో రెండు నిమిషాలో ఆలస్యమైతే కంగారు పడకుండా, ఆకాశం కనిపించే చోట కదలక నిలబడి వేచి ఉండండి.

బయలుదేరే ముందు ఇంట్లోనే మ్యాపును డౌన్‌లోడ్ చేసుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే యాప్‌లలో పూర్తి దేశపు మ్యాపును ఫోన్‌లో దాచుకోవచ్చు. 2004లో మొదలై, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి గీస్తున్న మ్యాపు అది. కాలిబాటల విషయంలో పెద్ద కంపెనీల మ్యాపుల కంటే అదే నయమనిపించే ప్రాంతాలు చాలా ఉన్నాయి. డౌన్‌లోడ్ అయ్యాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఒక దారి వెతికి చూడండి. కొన్ని యాప్‌లు మ్యాపును చూపుతాయి గాని, ఇంటర్నెట్ లేకుండా దారిని లెక్కించలేవు.

కారుతో పాటే వచ్చే నావిగేషన్ తీసుకోవాలా?

దానికున్న అసలు గొప్పతనం చాలామందికి తెలియదు. చక్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయో, కారు ఎటు మళ్లిందో తెలిపే సెన్సర్లకు అది అనుసంధానమై ఉంటుంది. పొడవైన సొరంగంలో ఉపగ్రహ సంకేతం తెగిపోయినా, ప్రయాణించిన దూరాన్నీ దిశనూ బట్టి స్థానాన్ని లెక్క కడుతూ పోతుంది. ఫోన్ తన కదలికలను బట్టి ఊహించడమే తప్ప ఆ నమ్మకంతో చెప్పలేదు. స్క్రీన్ పెద్దది, సరైన ఎత్తులో ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది.

లోపం దాని వయసు. కారు పది పదిహేనేళ్లు నడుస్తుంది. అందులోని కంప్యూటర్ అన్నేళ్లు తాజాగా ఉండదు. మ్యాపు అప్‌డేట్‌కు విడిగా చెల్లించవలసి రావచ్చు. ఇంటర్నెట్ ఆధారంగా నడిచే సేవలకు ఇంకో గండం ఉంది: 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్క్‌లను మూసివేసినప్పుడు, ఆ మోడెమ్‌లున్న పాత కార్లలో అటువంటి సేవలు ఆగిపోయాయి. కారులో ఏ లోపమూ రాకుండానే సదుపాయం పోయింది.

అందువల్ల నా సలహా ఇది: ఫోన్‌ను కారు స్క్రీన్‌కు కలిపే ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే ఉన్న కారు అయితే, నావిగేషన్ కోసమే పై మోడల్‌కు వెళ్లవలసిన పని లేదు. తరచుగా సొరంగాల గుండా, నెట్‌వర్క్ లేని ప్రాంతాల గుండా వెళ్లేవారు మాత్రం ఆలోచించవచ్చు.

"జీవితకాల మ్యాపులు" అంటే ఎవరి జీవితకాలం?

మీది కాదు, పరికరానిది. ఆ పరికరం ఎన్నాళ్లు పనికివస్తుందో తేల్చేది కూడా చాలాసార్లు తయారీదారే. మ్యాపు సమాచారం సరఫరా ఆగిపోయినా, పరికరంలో కొత్త మ్యాపుకు చోటు చాలకపోయినా అప్‌డేట్లు నిలిచిపోవచ్చు. కొనేముందు షరతులలోని ఈ భాగాన్ని చదవండి. అలాగే మెమరీ కార్డు పెట్టుకునే వీలుందా, కంప్యూటర్ లేకుండా వై-ఫై ద్వారా అప్‌డేట్ అవుతుందా అని చూడండి. కంప్యూటర్‌కు కలిపితే తప్ప అప్‌డేట్ కాని పరికరాన్ని మొదటి ఏడాది తరువాత ఎవరూ అప్‌డేట్ చేయరు.

రద్దీ సమాచారం పరికరానికి ఎలా తెలుస్తుంది?

అదే రోడ్డు మీద వెళుతున్న ఇతరుల ఫోన్ల నుండే ఎక్కువగా తెలుస్తుంది. వాటి వేగం తగ్గితే అక్కడ రద్దీ ఉన్నట్టు సర్వర్ గ్రహిస్తుంది. కనుక ఎంత ఎక్కువమంది వాడే సేవ అయితే అంత నమ్మదగిన సమాచారం. ప్రత్యేక పరికరాలలో కొన్ని ఎఫ్ఎం రేడియో తరంగాల మీదుగా ఈ సమాచారాన్ని అందుకుంటాయి, కొన్ని మీ ఫోన్ ఇంటర్నెట్‌ను వాడుకుంటాయి, కొన్నింటికి సొంత సిమ్ ఉంటుంది. మొదటి రకం అన్ని ప్రాంతాలలోనూ పనిచేయదు. మూడవ రకానికి చందా ఎంత, ఎన్నాళ్లకు అని అడగండి. రోజూ రద్దీలో చిక్కుకునేవారికి మిగతా హంగులన్నింటి కంటే ఇదే ముఖ్యం.

స్క్రీన్ ఎంత పెద్దది ఉండాలి?

కారులో 5 నుండి 7 అంగుళాలు సరిపోతుంది. అంతకు మించితే రోడ్డు కనిపించకుండా అడ్డం వస్తుంది. పరిమాణం కంటే ఎండలో అక్షరాలు కనిపిస్తాయా అన్నదే అసలు పరీక్ష. గొంతు స్పష్టంగా వినిపించే పరికరమైతే స్క్రీన్ వైపు చూడవలసిన అవసరమే తక్కువ. అది మీకు అలవాటైన భాషలో మాట్లాడుతుందా, రోడ్ల పేర్లు పలుకుతుందా, ఊరికే "కుడికి తిరగండి" అని ఊరుకుంటుందా అన్నది విని చూడండి.

మోటార్‌సైకిల్‌కు ఫోన్ బిగించుకుంటే సరిపోదా?

చిన్న ప్రయాణాలకు సరిపోతుంది, కానీ ఒక ప్రమాదం ఉంది. శక్తిమంతమైన ఇంజన్ల కంపనం హ్యాండిల్ ద్వారా నేరుగా ఫోన్‌కు చేరుతుంది. చాలా ఫోన్ల కెమెరాలలో చిత్రం కదలకుండా నిలిపే సున్నితమైన భాగాలు ఉంటాయి, దీర్ఘకాలం ఆ కంపనానికి గురైతే అవి దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. కంపనాన్ని పీల్చుకునే మౌంటు వాడాలి. లేదా ఫోన్‌ను జేబులో పెట్టుకుని హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా సూచనలు వినాలి. స్థానిక చట్టం అనుమతిస్తే రెండవ పద్ధతి ఉత్తమం, ఎందుకంటే కళ్లు రోడ్డు మీదే ఉంటాయి.

దూరప్రయాణాలు చేసేవారికి మోటార్‌సైకిళ్ల కోసమే తయారైన పరికరాలున్నాయి. చేతి తొడుగులతో నొక్కినా స్పందించే స్క్రీన్, వాహన బ్యాటరీకి నేరుగా కలిపే తీగ, వానను తట్టుకునే నిర్మాణం వాటి ప్రత్యేకత. నీటి రక్షణను తెలిపే ఐపీఎక్స్7 అన్న గుర్తుకు అర్థం, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా లోపలికి హాని చేసేంత నీరు చేరదని. వేగంగా వెళుతున్నప్పుడు ముఖానికి కొట్టే జడివాన వేరే పరీక్ష. ఛార్జింగ్ రంధ్రానికి మూత గట్టిగా ఉందో లేదో చేతితో చూసుకోండి.

లారీ, బస్సు నడిపేవారికి మామూలు కారు నావిగేషన్ పనికిరాదా?

పనికిరాదనే చెప్పాలి. మీ వాహనం ఎత్తు, బరువు, పొడవు మామూలు యాప్‌కు తెలియవు. అది చూపే దగ్గరి దారిలో తక్కువ ఎత్తున్న రైలు వంతెన ఉండవచ్చు, బరువు పరిమితి ఉన్న పాత కల్వర్టు ఉండవచ్చు, వెనక్కి తిప్పే చోటే లేని సందు ఉండవచ్చు. భారీ వాహనాల కోసం చేసిన నావిగేషన్‌లో ఈ కొలతలన్నీ ముందే నమోదు చేస్తారు. ప్రమాదకర సరుకుల రవాణాకు నిషేధించిన దారులను కూడా అది తప్పిస్తుంది. అయితే ఆ పరిమితుల సమాచారం మీరు తిరిగే ప్రాంతానికి మ్యాపులో నిజంగా ఉందో లేదో కనుక్కోకుండా కొనవద్దు. సమాచారం లేని చోట అది పెద్ద స్క్రీన్ ఉన్న కారు నావిగేషన్ మాత్రమే. వంతెన దగ్గర బోర్డు మీది అంకె, పరికరం చెప్పే అంకె వేర్వేరుగా ఉంటే బోర్డే సరి.

కొండల్లో, అడవుల్లో నడిచేవారు ఏది తీసుకోవాలి?

చేతిలో పట్టుకునే పరికరం నిజంగా తన విలువను చూపే చోటు ఇదే. ఇక్కడ దారి తప్పితే అడగడానికి మనిషి దొరకడు, ఛార్జింగ్ దొరకదు, నెట్‌వర్క్ ఉండదు. కనుక మొదట చూడవలసింది బ్యాటరీ. మార్చుకోదగిన ఏఏ సెల్స్‌తో నడిచే పరికరాలలో అదనపు జతలను సంచిలో వేసుకుంటే ప్రయాణం ఎన్ని రోజులైనా బెంగ లేదు. చలిలో బ్యాటరీల శక్తి తగ్గుతుంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ కంటే లిథియం సెల్స్ చలిని బాగా తట్టుకుంటాయి. లోపల బిగించిన బ్యాటరీ ఉన్న పరికరమైతే పవర్ బ్యాంకు తప్పనిసరి.

తరువాత స్క్రీన్. ఫోన్ స్క్రీన్ ఎండతో పోటీపడి వెలగాలి. మంచి చేతి పరికరాలలో ఎండనే ప్రతిఫలింపజేసుకునే స్క్రీన్ ఉంటుంది; ఎండ పెరిగేకొద్దీ అది మరింత స్పష్టమవుతుంది, బ్యాటరీ మీద భారం తగ్గుతుంది. రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి కనుక దుకాణపు దీపాల కింద అది నాసిరకంగా అనిపిస్తుంది. బయటికి తీసుకెళ్లి చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. చల్లటి చోట తొడుగులతో వాడేవారికి టచ్‌స్క్రీన్ కంటే బటన్లు మేలు.

ఇక మ్యాపు. రోడ్ల మ్యాపు కొండమీద ఎందుకూ కొరగాదు. ఎత్తులను తెలిపే గీతలున్న టోపోగ్రాఫిక్ మ్యాపు కావాలి. ఆ గీతలు దగ్గరదగ్గరగా ఉన్న చోట ఏటవాలు ఎక్కువని అర్థం. జీపీఎక్స్ అనే ఫైలు రూపంలో ఇతరులు నడిచిన దారులను ఎక్కించుకునే వీలు, నడిచిన దారినే పట్టుకుని వెనక్కి రాగలిగే సదుపాయం ఉన్నాయో లేదో చూడండి. రెండవది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, మంచు కమ్మినప్పుడు మిమ్మల్ని వెనక్కి తెచ్చేది అదే.

ఎత్తు విషయంలో ఒక మాట. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద ఒక్కటీ కనిపించదు కనుక జీపీఎస్ చెప్పే ఎత్తులో పొరపాటు, అడ్డంగా వచ్చే పొరపాటుకు సాధారణంగా ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఉంటుంది. అందుకే మెరుగైన పరికరాలలో గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్ ఉంటుంది. దానికీ ఒక బలహీనత ఉంది: వాతావరణం మారి ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ తగ్గితే, మీరు కూర్చున్న చోటే ఉన్నా సుమారు 8 మీటర్లు పైకెక్కినట్టు చూపిస్తుంది. ఎత్తు తెలిసిన చోట సరిచేసుకుంటూ ఉండాలి. రాత్రంతా గుడారంలో ఉన్నా "ఎత్తు" పెరుగుతూ పోతుంటే, మబ్బు పట్టబోతోందని అనుకోవచ్చు.

ఇన్ని ఉన్నా కాగితపు మ్యాపు, దిక్సూచి సంచిలో ఉండాలి. వాటికి బ్యాటరీ అక్కరలేదు.

సైకిల్ తొక్కేవారికి, పరుగెత్తేవారికి?

పరుగుకు వాచ్, సైకిల్‌కు హ్యాండిల్ మీద అమర్చే చిన్న కంప్యూటర్ సరైనవి. మీకు కావలసింది కేవలం దూరం, వేగం నమోదు కావడమా, తెలియని దారిలో మలుపులు చెప్పడమా అన్నది తేల్చుకోండి. మ్యాపు ఉన్న వాచీలకు, లేనివాటికి ధరలో పెద్ద తేడా ఉంటుంది, ఆ చిన్న స్క్రీన్ మీద మ్యాపు చదవడం అందరికీ సౌకర్యం కాదు. ప్రకటనలో చెప్పిన బ్యాటరీ గంటలు జీపీఎస్ నిరంతరం నడిచినప్పటివా, కాదా అని చూడండి.

ప్రమాదంలో చిక్కుకుంటే జీపీఎస్ నన్ను కనిపెట్టి సహాయం పంపుతుందా?

పంపదు. ఈ అపోహ ప్రమాదకరమైనది. జీపీఎస్ రిసీవర్ వింటుంది తప్ప మాట్లాడదు. మీరెక్కడ ఉన్నారో ఉపగ్రహాలకు తెలియనే తెలియదు. మీ స్థానాన్ని వేరొకరికి చేరవేయాలంటే మొబైల్ నెట్‌వర్క్ కావాలి, లేదా ఉపగ్రహాల ద్వారా సందేశం పంపగల పరికరం కావాలి.

అటువంటివి రెండు రకాలు. 406 మెగాహెర్ట్జ్‌పై ఆపద సంకేతం పంపే బీకన్‌లు అంతర్జాతీయ గాలింపు వ్యవస్థ అయిన కోస్పాస్-సార్సాట్‌కు కబురు చేరవేస్తాయి. చందా ఉండదు, కానీ మాటామంతీకి వీలుండదు, ముందే నమోదు చేయించుకోవాలి. రెండవ రకం ఉపగ్రహ మెసెంజర్లు. చందా కట్టాలి, ఇంటికి "క్షేమం" అని రెండు మాటలు పంపవచ్చు, జవాబు అందుకోవచ్చు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుండి కొన్ని ఫోన్లలో కూడా ఆపద సందేశాన్ని ఉపగ్రహం ద్వారా పంపే సదుపాయం ఉంది, అయితే అది అన్ని దేశాలలో లేదు. ఉపగ్రహ పరికరాలను సొంతంగా వాడడానికి కొన్ని దేశాలలో అనుమతి కావాలి. సరిహద్దు దాటేముందు ఆ నియమాలు తెలుసుకోండి.

పడవలకు?

సముద్రంలోకి వెళ్లేవారికి లోతులు, రాళ్లు, దీపస్తంభాలు చూపే నౌకా చార్టులతో పనిచేసే చార్ట్‌ప్లాటర్ కావాలి. రోడ్డు నావిగేషన్‌కు నీరంటే ఒట్టి నీలిరంగే. పడవలు మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్ఎఫ్ రేడియోకు ఆపద బటన్ ఉంటే, ప్లాటర్‌ను దానికి కలిపినప్పుడు, ఆ బటన్ నొక్కగానే పడవ స్థానం కూడా సందేశంతో పాటు వెళుతుంది.

ఎవరో వాడిన పాత పరికరాన్ని కొనవచ్చా?

కొనవచ్చు, జాగ్రత్తగా. పాత జీపీఎస్ సంకేతంలో వారాల లెక్కకు 10 బిట్ల చోటే ఉంది. అంటే 1,024 వారాలకు ఒకసారి లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరొకసారి అలా జరిగింది. తరువాతిది 2038 నవంబరులో. సాఫ్ట్‌వేర్ సరిచేయని పాత పరికరాలు ఇరవై ఏళ్ల వెనుకటి తేదీ చూపడమో, ఉపగ్రహాలను వెతకలేక తికమకపడడమో జరుగుతుంది. కొనేముందు ఆరుబయట ఆన్ చేసి తేదీ చూడండి; తేదీ తప్పయితే వదిలేయండి. ఆ మోడల్‌కు మ్యాపు అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా, బ్యాటరీ ఉబ్బలేదు కదా అన్నవి కూడా చూసుకోవాలి.

నా కదలికల వివరాలు ఎవరికి చేరుతాయి?

రిసీవర్ ఒంటరిగా ఎవరికీ ఏమీ పంపదు. ఇంటర్నెట్‌కు కలిసిన యాప్, కారు, వాచ్ మాత్రం పంపగలవు. గోప్యత ముఖ్యమనుకుంటే ఆఫ్‌లైన్ మ్యాపులతో నడిచే పరికరమే నయం. వ్యాయామపు యాప్‌లలో నడిచిన దారులు అందరికీ కనిపించేలా ఉండే అమరిక మీ ఇంటి వాకిలిని కూడా చూపిస్తుందని మరవవద్దు. పరికరాన్ని అమ్మేటప్పుడు, అద్దె కారును తిరిగి ఇచ్చేటప్పుడు "ఇల్లు" అని నమోదు చేసిన చిరునామానూ, పాత ప్రయాణాలనూ తుడిచేయండి. దొంగ చేతిలో పడగల పరికరాలలో ఇంటి స్థానంగా ఇంటిని కాక, దగ్గరలోని కూడలిని పెట్టుకునేవారున్నారు; తెలివైన అలవాటు.

కొన్న తరువాత ఎలా పరీక్షించాలి?

మీకు బాగా తెలిసిన దారిలోనే మొదట వాడండి. తెలియని ఊరిలో అది చెప్పేది తప్పో ఒప్పో మీకు ఎలా తెలుస్తుంది? రోజూ వెళ్లే చోటికి దారి అడిగి, అది మలుపుకు ఎంత ముందు హెచ్చరిస్తోందో, ఒకవైపు రాకపోకలున్న వీధులు దానికి తెలుసో లేదో గమనించండి. ఆ తరువాత కావాలనే ఒక మలుపు తప్పిపోయి, కొత్త దారి చెప్పడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడండి. ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి రాత్రి స్క్రీన్‌ను పరిశీలించండి. ఛార్జర్ లేకుండా ఎన్ని గంటలు నిలిచిందో రాసి పెట్టుకోండి. వాపసు ఇవ్వడానికి గడువు ఎన్ని రోజులో కొన్ననాడే చూసుకుని, ఈ పరీక్షలన్నీ ఆ లోపల పూర్తి చేయండి. అట్టపెట్టెను, రసీదును అంతవరకు పారవేయవద్దు.